పరిగెత్తని పందెం

మైకులో ఏడో తరగతి మిడత పేరు చదివారు. పరుగు గీత దగ్గరికొచ్చి నిలబడింది మాత్రం మిడత కాదు.

మైదానం మెట్ల మీద గొడుగు వేసుకుని నిలబడ్డ సోషల్ టీచరు ముందు తన కళ్లనే అనుమానించింది. గొడుగు పక్కకి వంచి, ఎండకి కళ్లు చికిలించి మళ్లీ చూసింది. ఆ పిల్ల ఒంటి మీద తమ స్కూలు పచ్చ బనీనే ఉంది. వీపు మీద నంబరూ మిడతకిచ్చిందే. కాకపోతే పక్క వరసల్లో నిలబడ్డ పిల్లలు ఆమె భుజం దాకా కూడా రావడం లేదు. ఆ ఒడ్డూ పొడుగూ చూసి పన్నెండేళ్ల పిల్ల అని ఎవరూ అనుకోరు. తొమ్మిదో పదో చదువుతూ ఉండాలి. తమ స్కూలు పిల్ల అయ్యే ప్రశ్నే లేదు. అక్కడ ఎనిమిదితోనే చదువు సరి.

మరి మిడతేదీ? టీచరు మైదానమంతా కళ్లతో గాలించింది. సంచులూ నీళ్ల సీసాలూ కుప్పపోసిన చోట, గోడ నీడలో గొంతుక్కూర్చుని ఉంది మిడత. నెల రోజులుగా పొద్దున్నే అందరికంటే ముందొచ్చి బడి చుట్టూ పరిగెత్తిన పిల్ల, క్లాసులో బెంచీలు చుట్టి రాకుండా వాటి మీంచే గెంతి ఆ పేరు తెచ్చుకున్న పిల్ల, ఎవరివో చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

విజిల్ మోగింది. పొడుగు పిల్ల మొదటి మలుపులోనే అందరినీ విడిచేసింది. రెండో చుట్టులో ఆమె వెనక ఒక్కతే మిగిలింది. జుట్టు కురచగా కత్తిరించుకున్న నీలం బనీను పిల్ల. పళ్లు బిగించి, మెడ ఒక పక్కకి వాల్చి, ప్రాణం పెట్టి పరిగెత్తింది. అందలేదు. గీత దాటాక మోకాళ్ల మీద పడి నేలని గుప్పిటతో కొట్టింది.

"మనదే! ఫస్టు మనదే!" అంటూ డ్రిల్లు మాస్టారు గాల్లోకి ఎగిరాడు. మెట్ల మీదున్న ఏడో తరగతి పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

టీచరు గబగబా దిగి ఆయన దగ్గరికి వెళ్లింది. "ఎవరండీ ఆ పిల్ల?"

"మన పిల్లే టీచర్. పేరు చదివారుగా."

"పేరు మన పిల్లదే. కాళ్లు ఎవరివని అడుగుతున్నాను."

ఆయన నవ్వు సగంలో ఆగింది. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "హెడ్మాస్టరు గారికి తెలుసులెండి. మీరు మీ అట్లాసు చూసుకోండి. మన మిడత పరిగెడితే మహా అయితే మూడో నాలుగో వచ్చేది. ఇప్పుడు కప్పు వచ్చింది. ఎవరికేం నష్టం చెప్పండి?"

టీచరు గోడ నీడకేసి చూసింది. మిడత లేచి, వగరుస్తూ వచ్చిన పొడుగు పిల్ల ముందు చెప్పులు జతగా పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి నిలబడింది. టీచరుకి అరికాలి నుంచి సెగ పుట్టింది. అంతలో హెడ్మాస్టరు కప్పు నెత్తి మీదికెత్తి పట్టుకుని, ఫొటోకి రమ్మని అందరినీ కేకేశాడు. ఆమె ఫొటోలోకి వెళ్లలేదు. అంతకుమించి ఏమీ చెయ్యలేదు.

*

మర్నాడు ప్రార్థన దగ్గర హెడ్మాస్టరు మిడతని ముందుకి పిలిచి మెడలో పతకం వేశాడు. "మన బడి పేరు ఊరంతా మోగించిన చిట్టితల్లి!" అన్నాడు. చిట్టితల్లి గుంజలా నిలబడింది. చిన్న తరగతుల పిల్లలు అరచేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టారు. ఏడో తరగతి వరస మాత్రం చేతులు కట్టుకుని నేల చూసింది.

ఏడో తరగతి గదిలో గోడంత ప్రపంచ పటం ఉంది. ఒలింపిక్స్ మొదలైన రోజున టీచరు చీటీలు వేయించి తలకో దేశం పంచింది. ఆ దేశం ఎక్కడుంది, పక్క దేశాలేవి, ఏ నది పారుతుంది, అక్కడివాళ్లు ఏ ఆటలో గట్టివాళ్లు, అన్నీ ఎవరి దేశం సంగతి వాళ్లే కనుక్కుని రావాలి. పతకం వస్తే ఆ దేశం నుంచి ఆటలు జరిగే నగరం దాకా రంగు దారం కట్టాలి. నాలుగు రోజులు తిరక్కుండానే పిల్లలు పేర్లతో పిలుచుకోవడం మానేశారు. "ఒరే నార్వే, కాలు తియ్యరా." "టీచర్, కెన్యా నా రబ్బరు కొట్టేసింది." అందరికంటే ముందు ఫలితాలు మోసుకొచ్చే రేడియో అనే కుర్రాడికి పసిఫిక్ సముద్రంలో ఆవగింజంత దీవి వచ్చింది. పతకం ఆశ ఏ కోశానా లేకపోయినా వాడి హుషారు తగ్గలేదు. "మా వాడు ఈతలో ఆఖరి నుంచి రెండోవాడు టీచర్! నిన్నటి మీద మెరుగు!" అనేవాడు.

ఆ రోజు రేడియో ఏ ఫలితాలూ మోసుకురాలేదు. దారపు ఉండలు డబ్బాలోనే ఉండిపోయాయి. వెనక బెంచీ నుంచి ఎవరో సన్నగా అన్నారు: "ఐస్‌లాండ్‌కి బంగారం వచ్చిందిగా. దారం కట్టదేం?"

ఐస్‌లాండ్ అంటే మిడత. కిసుక్కుమని నవ్వులు. మిడత పతకాన్ని గుప్పిట్లో దాచుకుని బల్ల మీద తల వాల్చేసింది.

"ఎవరది?" అని గద్దించింది టీచరు. రేడియో లేచాడు. "అన్నది నేను కాదు టీచర్. నాదొక డౌటు. అలా ఒకళ్ల పేరుతో ఇంకొకళ్లు పరిగెడితే ఒలింపిక్స్‌లో ఊరుకుంటారా?"

టీచరు పుస్తకం మూసేసింది.

"వెనకటికి గ్రీకు దేశంలో, ఈ ఆటలు పుట్టిన ఒలింపియాలో, గుడి దగ్గర నుంచి పరుగు మైదానానికి ఒక దారి ఉండేది. ఆ దారి పక్కన కంచు విగ్రహాలు వరసగా నిలబెట్టారు. అన్నీ జ్యూస్ అనే వాళ్ల పెద్ద దేవుడివే. గెలిచినవాళ్ల గొప్ప కోసం పెట్టినవనుకుంటున్నారేమో. కాదు. మోసం చేసి దొరికిపోయినవాళ్ల దగ్గర జరిమానా పిండి, దాంతో పోత పోయించినవి. ఎందుకు పెట్టారో కింద పీఠం మీద చెక్కేవాళ్లు. పందేనికి వెళ్లే ప్రతివాడూ వాటిని చూసుకుంటూ నడవాల్సిందే."

వెనక బెంచీ కూడా ముందుకి వంగింది.

"మొదటి విగ్రహాలు ఒక ముష్టియోధుడి పుణ్యమే. ఎదుటివాళ్లకి లంచమిచ్చి ఓడిపొమ్మన్నాడు. వాడిది థెస్సలీ. గ్రీసు, వచ్చి చూపించు."

గ్రీసు అమ్మాయి స్కేలుతో వచ్చి పటంలో ఉత్తరాన మైదానం మీద ఆనించింది.

"తీసుకున్నవాళ్లలో ఒకడిది సిజికస్. ఇంకొకడిది హాలికార్నాసస్."

"ఆ రెండూ ఇప్పుడు మా దేశంలో ఉన్నాయి టీచర్!" అని టర్కీ లేచి నిలబడ్డాడు. లేచాక సిగ్గుపడి కూర్చున్నాడు.

"ఉన్నాయి. సముద్రం దాటొచ్చి మరీ అమ్ముడుపోయారు. ఇచ్చినవాడికీ శిక్షే, పుచ్చుకున్నవాళ్లకీ శిక్షే. ఇంకోటి వినండి. ఆటలకి ముందు దేవుడి ఎదుట ప్రమాణం చేసేవాళ్లు, మోసం చెయ్యబోమని. పరిగెత్తేవాడొక్కడే కాదు. వాడి తండ్రి, అన్నదమ్ములు, నేర్పిన గురువు, అందరూ."

గురువు అనే మాటని ఆమె కిటికీలోంచి హెడ్మాస్టరు గదికేసి విసిరింది. ఆ మాటకి పిల్లలు కిటికీకేసి చూడలేదు. ఆమెకేసి చూశారు. అది ఆమె గమనించలేదు.

*

హెడ్మాస్టరు గదిలో కప్పు బల్ల మీద ఉంది. ఆయన మెత్తటి గుడ్డతో దాని చెవులు తుడుస్తున్నాడు.

"ఆ పతకం, ఈ కప్పు తిరిగి ఇచ్చేద్దాం సార్," అంది టీచరు నిలబడే.

"ఎందుకటా?"

"మనవి కావు గనక."

"మన స్కూలు పేరే పిలిచారు. నా చేతికే ఇచ్చారు. మనవి కాకపోతే ఎవరివి?" ఆయన గుడ్డ మడత మార్చి రెండో చెవి పట్టుకున్నాడు. "కూర్చోండి టీచర్. ఆ పొడుగు పిల్ల కూడా లేనివాళ్ల పిల్లే. మంచి బూట్లు కొనిపెడతాం అంటే ఆశపడి వచ్చింది. ఒక విధంగా మనం చేసింది సాయం."

"సాయమా!" ఆమె గొంతు పైకి లేచింది. "ఇద్దరు పిల్లలకి దొంగతనం నేర్పించి సాయం అంటారా? ఒకర్తెకి బూట్లు చూపించారు. రెండోదాని చేత చెప్పులు కాయించారు!"

"మెల్లిగా. పక్క గదిలో పరీక్ష జరుగుతోంది." ఆయన ఈసారి గుడ్డ పక్కన పెట్టాడు. "నిన్న సాయంత్రం కబురు తెలిసి మిడత వాళ్ల నాన్న వచ్చాడు. నా రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. ఏడ్చినంత పని చేశాడు. మీకు అంత న్యాయం కావాలంటే, వెళ్లి ఆయనకి చెప్పండి. నీ కూతురు గెలవలేదయ్యా, అసలు పరిగెత్తనే లేదు అని. చెప్పగలరా?"

టీచరు తలుపు వైపు తిరిగింది. ఆయన చిన్నగా నవ్వి, మళ్లీ గుడ్డ అందుకున్నాడు. ఆ రాత్రి వంట చేస్తుంటే, గిన్నెలు సర్దుతుంటే, ఆ మనిషికి చెప్పవలసిన జవాబులు ఆమెకి ఒక్కొక్కటే దొరుకుతూ వచ్చాయి. ఒకదాన్ని మించి ఒకటి. అక్కడ వినేవాళ్లెవరూ లేరు.

*

తెల్లారి బడి గేటు దాటిన వాళ్లు దాటినట్టే ఆగిపోయారు.

గేటు నుంచి ప్రార్థన స్థలం దాకా దారి పక్కన బంకమట్టి బొమ్మలు నిలబడి ఉన్నాయి. జానెడేసి ఎత్తు, పెన్సిలుతో గీకిన గడ్డాలు. ఒకటి జ్యూస్ దేవుడి కంటే డ్రాయింగు మాస్టారి పోలికలే ఎక్కువ పుణికిపుచ్చుకుంది. ప్రతి బొమ్మ కిందా అట్టముక్క. 'పేరు దొంగిలించినందుకు.' 'బనీను ఇచ్చినందుకు.' 'బూట్ల కోసం వచ్చినందుకు.' 'కప్పుతో ఫొటో దిగినందుకు.'

టీచరుకి ఒళ్లు పులకరించింది. నవ్వొచ్చింది కూడా. తన పాఠం అలా మట్టి కాళ్ల మీద లేచి నిలబడటం ఆమె ఎన్నడూ చూడలేదు. ఒక్కో అట్టా చదువుకుంటూ వరస చివరికి వచ్చింది. ఆఖరి బొమ్మ చేతిలో పుల్లకి గుచ్చిన ఆకు ఉంది. గొడుగు. కింద రాసి ఉంది: 'మెట్ల మీద నిలబడి చూసినందుకు.'

మొహాన చెళ్లున కొట్టినట్టయింది.

వెనక హెడ్మాస్టరు కేకలు వినబడుతున్నాయి. ఆయన మొదటి బొమ్మని బూటుకాలితో తన్నాడు. అటెండరు రేకు తెచ్చి ముక్కలు ఎత్తుతున్నాడు. డ్రిల్లు మాస్టారు ఏడో తరగతిని మొత్తం ఎండలోకి ఈడ్చి నిలబెట్టాడు. "ఎవర్రా చేసింది? చెప్పేదాకా ఒక్కడూ కదలకూడదు!" ఎవరూ చెప్పలేదు. హెడ్మాస్టరు విసవిసా వాళ్ల గదిలోకి వెళ్లాడు. పటం చింపిన చప్పుడు బయటికి వినిపించింది. దారాలన్నీ ఆయన చేతికి చుట్టుకుపోయాయి. విదిలించుకుంటూ బయటికి వచ్చాడు.

టీచరు గొడుగు మడిచింది. ఆఖరి బొమ్మని తీసి సంచిలో పెట్టుకుని, వెళ్లి పిల్లల వరసలో నిలబడింది.

"మీరెందుకండీ అక్కడ?" అన్నాడు హెడ్మాస్టరు.

"పాఠం నాది సార్."

ఆమె పక్కన మిడత ఉంది. ఆ పిల్ల గోళ్ల నిండా ఎండిపోయిన బంకమట్టి. టీచరు ఆ గోళ్లనీ చూసింది, ఎటో చూస్తున్న ఆ మొహాన్నీ చూసింది. ఆ మొహంలోని కోపం తన మీదే.

"సాయంత్రం మీ ఇంటికొస్తాను," అంది పెదాలు కదపకుండా.

"మా నాన్నకి చెప్పకండి టీచర్."

"నేను చెప్పను. నువ్వే చెప్పు. నేను పక్కన నిలబడతాను."

"మొన్న నిలబడలేదుగా," అంది మిడత.

*

మిడత తండ్రి కిటికీలకీ గేట్లకీ గ్రిల్స్ చేసే వెల్డరు. ఇంటి ముందు రేకుల షెడ్డులోనే పని. టీచరు వెళ్లేసరికి నల్లద్దాల డాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏదో చిన్న వస్తువు అతుకుతున్నాడు. గుమ్మం దగ్గర మిడత మేనత్త చాటలో బియ్యం ఏరుతోంది.

"రండి రండి టీచరు గారూ!" ఆయన డాలు దించి, స్టూలు మీది ఇనుప రజను చేత్తో తుడిచాడు. "సమయానికి వచ్చారు. చూడండి ఇది." పట్టకారుతో ఎత్తి చూపించాడు. సన్నటి చువ్వలు వంచి చేసిన స్టాండు, పైన కొక్కెం. "పతకం తగిలించడానికి. మేకుకి వేలాడదీస్తే ఏం బాగుంటుందండీ? మా వీధి చివర దాకా అందరూ వచ్చి చూసి వెళ్తున్నారు."

"పొద్దున లేస్తే అదే గోల," అంది మేనత్త మురిసిపోతూ. "నిన్న పాలవాణ్ణి కూడా వదల్లేదు మా తమ్ముడు."

మిడత టీచరుకేసి చూసింది. టీచరు కూర్చోలేదు. వెళ్లి ఆ పిల్ల భుజానికి భుజం తగిలేలా నిలబడింది.

"నాన్నా, నేను పరిగెత్తలేదు."

"ఆఁ?"

"నా పేరుతో ఇంకో అక్క పరిగెత్తింది. నా బనీను తనకిచ్చేశారు. నన్ను చెప్పుల దగ్గర కూర్చోబెట్టారు."

చాటలో చేతులు ఆగిపోయాయి. ఆయన పట్టకారు మెల్లిగా దించాడు. కాసేపు ఆ స్టాండు వంకే చూశాడు. ఎవరి ముందో నిలువునా నవ్వులపాలైన మనిషిలా మొహం నల్లబడింది. తర్వాత టీచరు వైపు తిరిగాడు.

"అప్పుడు మీరెక్కడున్నారమ్మా?"

"అక్కడే ఉన్నానండీ. చూశాను. నోరు మెదపలేదు."

"బాగుంది!" ఆయన గొంతు షెడ్డు రేకులకి తగిలి మోగింది. "చాలా బాగుంది! నేను ఆ పెద్దమనిషి చేతులు పట్టుకున్నానే! వీధి వీధంతా తిరిగి చెప్పుకున్నానే! అందరికీ తెలుసు, నేనొక్కణ్ణే పిచ్చివాణ్ణా?" కూతురి మీదికి తిరిగాడు. "నువ్వైనా చెప్పొద్దూ? తిడతాననుకున్నావా? కొడతాననుకున్నావా?"

"కాదు నాన్నా. నువ్వు నవ్వుతున్నావు," అంది మిడత. "నవ్వుతూనే ఉన్నావు. ఎప్పుడు చెప్పను?"

మేనత్త కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆయన వెళ్లి మిషను స్విచ్చి కట్టేసి, చొక్కా తొడుక్కున్నాడు. బొత్తాలు తప్పు కాజాల్లో పెట్టుకుంటూనే అన్నాడు: "తే, ఆ పతకం. ఇది ఇచ్చినవాళ్లు ఎక్కడుంటారో చూపించండి టీచరు గారూ."

*

పోటీలు జరిపించిన క్రీడాధికారి అంతా విన్నాడు. ఒకటికి రెండుసార్లు చెప్పించుకున్నాడు. హెడ్మాస్టరుకి ఫోను చేశాడు. అవతలి అరుపులు గదిలో అందరికీ వినపడ్డాయి. రేపటి నుంచి ఆ టీచరుకి ఏడో తరగతి లేదని, ఒకటో తరగతిలో అక్షరాలు దిద్దించుకోమని చెప్పండి అంటున్నాడు. అధికారి ఫోను పెట్టేసి కళ్లజోడు తుడుచుకున్నాడు.

"కప్పు వెనక్కి తీసుకుంటాం. స్కూలుని ఏడాది పాటు పోటీలకి రానివ్వం. ఆ అమ్మాయిని కూడా."

"ఏ అమ్మాయిని?" అంది టీచరు.

"ఈ అమ్మాయినేనండీ. పేరు ఎవరిదైతే వాళ్ల మీద పడుతుంది. పరిగెత్తిన పిల్ల ఎవరో మా దగ్గర దాఖలా లేదుగా."

టీచరు అరచేత్తో బల్ల మీద చరిచింది. కలాల గ్లాసు దొర్లి కింద పడింది. "నిజం చెప్పడానికి కాళ్లీడ్చుకుంటూ వచ్చిన పిల్లకా శిక్ష? బనీను లాక్కున్నవాళ్లు కుర్చీల్లో కూర్చుంటే? ఆ రూలు రాసినవాడెవడో పిలవండి, నేను మాట్లాడతాను!"

ఆమె అంత గట్టిగా అరవడం మిడత ఎప్పుడూ వినలేదు. తండ్రి కూడా గతుక్కుమన్నాడు. అధికారి కలాలు ఏరుకుంటూ, "మీ కోపం నాకు అర్థమైంది మేడమ్. రూలు మాత్రం అదే," అన్నాడు. "పతకం ఇక్కడ పెట్టి వెళ్లండి. రెండో స్థానం పిల్లకి మేమే ఎప్పుడో కబురు చేస్తాం."

మిడత పతకం బల్ల మీద పెట్టలేదు. "ఆ అమ్మాయి ఏ స్కూలు సార్?" అని అడిగింది. "నేనే ఇస్తాను."

ఆయన రిజిస్టరు తిరగేశాడు. తర్వాత స్కూలు పేరు చెప్పాడు.

పొద్దుగుంకే వేళకి వాళ్లు ఆ బడికి చేరారు. నీలం బనీను పిల్ల మైదానంలో ఒంటరిగా తాడాట ఆడుతోంది. మిడత నేరుగా వెళ్లి పతకం చాపింది. "ఇది నీది. ఆ రోజు పరిగెత్తింది నేను కాదు."

ఆ పిల్ల తాడు ఆపలేదు. ఇంకో నాలుగు గెంతులు గెంతి అప్పుడు ఆపింది. "నాకు తెలుసు. దానికి పన్నెండేళ్లేంటని నేను అక్కడే అరిచాను. ఓడిపోయి ఏడుస్తున్నావా, నోర్ముయ్ అన్నాడు మా సారు." పతకం లాక్కుని, అటూ ఇటూ తిప్పి చూసి జేబులో కుక్కుకుంది. థాంక్స్ లేదు, నవ్వు లేదు. "నువ్వు బాగా పరిగెత్తుతావా?"

"తెలీదు. పరిగెత్తనివ్వలేదుగా."

"రా అయితే."

రెండు చుట్లు. మిడత చెప్పులు విప్పి తండ్రికిచ్చింది. ఆయన వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాడు. మొదటి చుట్టంతా ఇద్దరూ పక్కపక్కనే పరిగెత్తారు. రెండో చుట్టు సగంలో నీలం బనీను మెడ ఒక పక్కకి వాల్చింది. అంతే, ముందుకి వెళ్లిపోయింది. మిడత చేతులు విరిగిపోతాయేమో అన్నట్టు ఊపుతూ వెనక వచ్చింది. చాలా వెనక.

గీత దాటాక మిడత గిర్రున తిరిగి టీచరు మీదికి వచ్చింది. మొహం కందిపోయింది, కళ్లలో నీళ్లు, ముక్కుపుటాలు ఎగిరిపడుతున్నాయి. "మలుపులో నన్ను బయటికి నెట్టేసింది టీచర్!"

"నేనెక్కడ నెట్టాను? నువ్వే వెడల్పుగా తిరిగావ్! లోపలి అంచు పట్టుకోవాలని కూడా తెలీదు!"

"నాకెవరూ చెప్పలేదు!"

"ఇప్పుడు చెప్పానుగా!"

ఇద్దరూ కోడిపుంజుల్లా మొహాలు ఎదురెదురుగా పెట్టుకుని నిలబడ్డారు. తండ్రి మధ్యలోకి వెళ్లబోతే టీచరు మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇంకోసారి," అంది మిడత.

"ఇంకోసారే," అంది ఆ పిల్ల. రెండడుగులు వేసి ఏదో అడ్డొచ్చినట్టు ఆగి, జేబులోంచి పతకం తీసి టీచరు చేతిలో పెట్టింది. "కాస్త పట్టుకోండి మేడమ్. పరిగెడుతుంటే తొడకి కొట్టుకుంటోంది."

ఇద్దరూ గీత దగ్గరికి వెళ్లి వంగారు. టీచరు పతకాన్ని గుప్పిట్లో పెట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తింది.